ఏరు దాటిన తుపాకి

నరసరావుపేట,
జూన్ నెలాఖరు.

అబ్బాజాన్‌కి మీ చిన్న కూతురు ఆసియా సలాములు.

మోకాలి ఆపరేషను అయ్యాక మీరు మంచం దిగి వరండా దాకా నడిచారని హమీదా ఆపా చెప్పింది. కర్నూలు ఎండలు మీకు పడుతున్నాయా, డాక్టరు ఏమన్నాడు, ఇవన్నీ అడగాల్సినవే. కానీ ముందు నా సంగతి వినండి, ఆగలేకపోతున్నాను. మన కొట్లోంచి ఒక తుపాకి పక్క రాష్ట్రానికి పోబోతోంది! పద్ధతి ప్రకారం, అన్ని అనుమతులతో, నా చేతుల మీదుగా!

ఫోనులో చెబుదామంటే మీకు వినపడదాయె. నలభై ఏళ్ళు చెవి పక్కన తుపాకులు పేల్చి పరీక్ష చేసిన మనిషికి ఫోను ఏం వినపడుతుంది? ఆపాకి చెబితే ఆమె మీ చెవిలో అరిచేది అందులో సగం, ఆ సగంలో కూడా తన సొంత కవిత్వం. అందుకే ఉత్తరం. మనింట్లో మాట్లాడేది ఉర్దూ అయినా రాతకోతలన్నీ తెలుగులోనే కదా, మీ తెలుగు మీడియం చదువు పుణ్యమా అని. తీరిగ్గా చదువుకోండి. ఎవరి చేతా చదివించుకోకండి.

ఆపా ఇంటికి కర్నూలు బస్సెక్కుతూ మీరు అన్న మాట నేను మరిచిపోలేదు. "ఏడాది చివర్లో లైసెన్సు గడువు అయిపోతుంది. వాపసు ఇచ్చేసి కొట్టు మూసేద్దామనుకుంటున్నా. నీకంత పట్టుంటే పొరుగు రాష్ట్రానికి ఒక్క తుపాకి చిన్న తేడా రాకుండా అమ్మి పంపించు. అప్పుడు లైసెన్సు నీ పేరు మీదికి మార్చే సంగతి మాట్లాడదాం" అన్నారు. ఎందుకన్నారో తెలుసు. మన పనిలో అంతకన్నా తలనొప్పి ఇంకోటి లేదు. ఆఫీసుల చుట్టూ రెండు తిరుగుళ్ళు తిరిగి నేనే నోరు మూసుకుంటానని అనుకుని ఉంటారు. ఇదిగో, మూసుకోలేదు.

రొంపిచెర్ల మస్తాన్‌రావు గారి డబుల్ బ్యారెల్ గుర్తుంది కదా. ఆయన పోయాక ఆయన భార్య లక్ష్మి గారు మన కొట్లోనే డిపాజిట్ చేశారు. మొన్న ఎన్నికలప్పుడు పోలీసుల ఉత్తర్వు మీద అందరి తుపాకులూ మన దగ్గర పెట్టుకున్నాం చూడండి, అప్పుడు మీరు ఆ తుపాకినీ, ఆ ఊరి సాంబశివరావు గారి తుపాకినీ ఒకే బీరువాలో పక్కపక్కన నిలబెట్టి, "మనుషులు నిలబడరు, కనీసం ఇవన్నా నిలబడనీ" అని నవ్వారు. ఆ రెండిళ్ళ వాళ్ళూ పొలం గట్టు దగ్గర మొదలుపెట్టిన తగాదా ఏదో చివరికి చావుకీ పెళ్ళికీ ఒకరి గడప ఒకరు తొక్కనంత దాకా వచ్చింది.

పోయిన నెల లక్ష్మి గారు వచ్చారు. ఆటో దిగి కొట్లోకి వస్తూనే బల్ల మీద కూలబడి, మంచినీళ్ళు కూడా తాగకుండా మొదలుపెట్టారు.

"అమ్మాయ్, ఆ తుపాకి అమ్మేసెయ్. ఎవరికైనా సరే, కానీ ఈ జిల్లాలో మాత్రం వద్దు. మాచర్లోడు కొన్నా గురజాలోడు కొన్నా, ఫలానా మస్తాన్‌రావు తుపాకి ఫలానావోడి భుజాన ఉందంట అని చెప్పుకుంటారు. మా గోపీచంద్ ఆ మాట విన్నాడంటే ఊరుకోడు. ఏరు దాటించెయ్."

గోపీచంద్ వాళ్ళ పెద్దబ్బాయి. తండ్రి తుపాకి తనకే కావాలని వాడి పంతం. పాత గొడవలో కేసు ఉంది కాబట్టి వాడికి లైసెన్సు రాదు, ఆ సంగతి వాడికీ తెలుసు. అమ్మకానికి వారసులందరూ ఒప్పుకోవాలి కదా, వాడు సంతకం పెట్టనన్నాడట. తల్లి అన్నం మానేసి పడుకుంది. చిన్నవాడు కిరణ్ కుమార్ అటు తల్లినీ ఇటు అన్ననీ బతిమాలలేక అలిసిపోయాడు. ఆఖరికి గోపీచంద్ మన కొట్టుకే వచ్చి, సంతకం గీకి, పెన్ను బల్ల మీద విసిరి పోయాడు. నాకు భయమేసింది. ఆ తరవాత సంతోషమేసింది. దాచడం ఎందుకు, సంతోషమే ఎక్కువ.

ఏటి అవతల మిర్యాలగూడ దగ్గర ప్రవీణ్ కుమార్ అనే ఆయన దొరికాడు. వరి రైతు, అడవిపందులు చేను తొక్కేస్తున్నాయని పంట కాపాడుకోవడానికి లైసెన్సు తెచ్చుకున్నాడు. అక్కడ తూటాలమ్మే షాపువాళ్ళ ద్వారా మనకి ఫోను చేశాడు. లైసెన్సు మన రాష్ట్రంతో కలిపి మూడు రాష్ట్రాలకు చెల్లుతుంది. నేను చూసి ఊరుకోలేదు, అది అసలుదేనా కాదా అని మన కలెక్టరాఫీసు నుంచి వాళ్ళ జిల్లాకి రాయించాను. అమ్మబోతున్నామని లక్ష్మి గారు ఇక్కడ కలెక్టరాఫీసుకీ పోలీస్ స్టేషనుకీ కాగితం ఇచ్చారు. ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పుకోవడానికి నెలన్నర గడువు. అది దాటాక రవాణా అనుమతి. ఒకప్పుడు ఆ ఊరూ ఈ ఊరూ ఒకే రాష్ట్రం, ఇప్పుడు వంతెన దాటితే పరాయి రాష్ట్రం, ఇన్ని సంతకాలు! కలెక్టరాఫీసు సెక్షను గుమాస్తా ప్రసన్న గారు నన్ను చూడగానే "మళ్ళీ వచ్చిందయ్యా తుపాకులమ్మాయి" అంటోంది. అననీయండి. నాకు ఆ పేరు బాగానే ఉంది.

మందులు మానకండి. ఆపాకి, పిల్లలకి ముద్దులు. ఈసారి రాసేటప్పుడు తుపాకి ఏరు దాటి ఉంటుంది, చూస్తూ ఉండండి!

మీ మాట పట్టుకుని వేలాడుతున్న
మీ ఆసియా.


నరసరావుపేట,
సెప్టెంబరు.

అబ్బాజాన్‌కి,

సలాం. తుపాకి ఏరు దాటింది. కానీ అమ్మలేదు.

ఇలా రాస్తే మీకు అర్థం కాదు, నాకూ ఇంకా సరిగా అర్థం కాలేదు. మొదటి నుంచి చెబుతాను, కోప్పడకుండా చివరి దాకా చదవండి.

అనుమతులన్నీ వచ్చిన రోజు నేను కలెక్టరాఫీసు మెట్లు ఎలా దిగానో నాకే తెలియదు. ప్రసన్న గారికి స్వీట్లు ఇచ్చాను. ఇంటికొచ్చి వాజిద్‌కి చూపిస్తే, మా ఆయన మెకానిక్కు చేతులు తుడుచుకుని మరీ ఆ కాగితం పట్టుకున్నాడు. షెడ్డు ఒకరోజు మూసి తనే కారు నడుపుతానన్నాడు. మీరు నేర్పినట్టే గొట్టాలు విడిగా, కర్ర భాగం విడిగా దుప్పటి ముక్కల్లో చుట్టి చెక్కపెట్టెలో సర్దాను. తూటా ఒక్కటి కూడా కారులో లేదు. పెట్టెకి తాళం వేసి సీలు పెట్టించాను.

పిడుగురాళ్ళ దాటే దాకా నేను మాట్లాడుతూనే ఉన్నానట, వాజిద్ అన్నాడు. పొందుగుల చెక్‌పోస్టులో మమ్మల్ని ఆపారు.

"పెట్టెలో ఏందమ్మా?"

"తుపాకండీ."

ఆ కానిస్టేబులు నవ్వాడు. నేను నవ్వలేదు. అతని నవ్వు సగంలో ఆగిపోయింది. కాగితాలు ఇస్తే అటు తిప్పీ ఇటు తిప్పీ చూసి లోపలికి పరిగెత్తాడు. ఎస్సై గారు బయటికొచ్చి అన్నీ చదివి, "ఈ చెక్‌పోస్టులో మందు సీసాలు చూశాం, బియ్యం బస్తాలు చూశాం. తుపాకి ఇంత పద్ధతిగా పోవటం ఇదే చూడటం. పోయిరామ్మా" అన్నాడు. వంతెన మీద కృష్ణ నిండుగా పారుతోంది. నేను కిటికీలోంచి తల బయటపెట్టి గట్టిగా అరిచాను. వాజిద్ సిగ్గుపడ్డాడు.

ప్రవీణ్ కుమార్ గారు మంచి మర్యాదస్తుడు. భోజనం చేస్తే తప్ప కాగితాల మాట వద్దన్నాడు. వాళ్ళావిడ కావ్య, చిన్న పిల్ల, నవ్వుముఖం, గోంగూర పప్పు వేసి కడుపు నిండా పెట్టింది. చేతులు కడుక్కుని నేను పెట్టె తెరిచాను. తుపాకి బిగించాను. నంబరు ఆయనకి చూపించాను. ఆయన లైసెన్సు పుస్తకంలో ఆ నంబరు ఎక్కించి నేను సంతకం పెడితే అమ్మకం అయిపోయినట్టే. పెన్ను మూత తీశాను.

కావ్య టీ తెచ్చి నా పక్కన కూర్చుంది. "మాది గూడా మీ వైపేనక్కా. రొంపిచెర్ల. మా నాన్న పొద్దుటినుంచి ఫోన్ల మీద ఫోన్లు. మస్తాన్‌రావు తుపాకి మనింటికొస్తందంట గదా అని చానా సంబరపడిపోతన్నాడు. అల్లుణ్ణి దాన్ని భుజానేసుకుని వచ్చి మన బజార్లో ఆ చివర్నుంచి ఈ చివరికి ఒకసారి నడవమను, సాలు అంటన్నాడు."

"మీ నాన్నగారి పేరు?" అన్నాను.

"సాంబశివరావు. మీకు తెలిసే ఉంటదిలే."

ఆ పిల్లకి నిజంగా ఏ కల్మషమూ లేదు అబ్బాజాన్. తండ్రి సంతోషం తన సంతోషం, అంతే. ఆమెకి ఆ తుపాకి పుట్టింటివాళ్ళు గెలిచిన పందెంలాంటిది. కానీ నేను టీ గ్లాసు కింద పెట్టేశాను. మూడు రాష్ట్రాలకు చెల్లే లైసెన్సు. ప్రవీణ్ కుమార్ ఆ తుపాకితో రొంపిచెర్ల బజార్లో నడిచినా అడిగేవాడు లేడు. లక్ష్మి గారి గుమ్మం ముందే నడుస్తాడు. గోపీచంద్ చూస్తాడు. ఆ తరవాత ఏమవుతుందో పల్నాట్లో పుట్టినవాళ్ళకి ఎవరికీ చెప్పక్కరలేదు.

కొట్టుకి ఎవరు కొనడానికొచ్చినా మీరు లైసెన్సు చూడకముందే టీ తెప్పించి, "మీ అత్తగారిదేవూరు బాబూ? మీ చెల్లెల్ని ఎక్కడిచ్చారు?" అని గంటసేపు అడిగేవాళ్ళు. ఈయనకి ఊసుపోక కబుర్లు అనుకునేదాన్ని. నేను ఆ మనిషి ఫోటో చూశాను, వేలిముద్ర చూశాను, పోలీసు రిపోర్టు చూశాను, జిల్లాకి జిల్లా ఉత్తరాలు రాయించాను. అత్తగారి ఊరు మాత్రం అడగలేదు. ఏరు దాటితే ఊరి గొడవ కూడా దాటిపోయిందనుకున్నాను. పిల్లనిచ్చి పుచ్చుకునేవాళ్ళకి ఏరు అడ్డమా?

పెన్ను మూత పెట్టేశాను. ఆయనకి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయనకి కోపం వచ్చింది. న్యాయమైన కోపమే.

"గిదేం పద్ధతమ్మా? కాయితాలన్నీ సక్కగనే ఉన్నయి గద. మీ కలెక్టరు ఒప్పుకున్నడు, మా కలెక్టరు ఒప్పుకున్నడు. నడుమ నువ్వెవరు వద్దనేటందుకు?"

"అమ్మేదాన్ని నేనేనండీ" అన్నాను. అక్కడే లక్ష్మి గారికి ఫోను చేశాను. ఆవిడ సంగతంతా విన్నారు. తరవాత, "నువ్వేమంటావే?" అన్నారు. "నేనైతే ఇవ్వనండీ" అన్నాను. "అయితే ఇయ్యమాక" అన్నారు. కావ్య ఏడుస్తూ లోపలికి వెళ్ళిపోయింది. అది మాత్రం నాకు ఇంకా బాధగా ఉంది.

ఇంకో చిక్కు చూడండి. తుపాకి తీసుకుపోవడానికి అనుమతి ఉంది, వెనక్కి తేవడానికి లేదు! అక్కడ అమ్మకూడదు, ఇక్కడికి తేకూడదు, కారులో పెట్టుకుని వంతెన ఎక్కితే నేరం. ఇందాకటి ఎస్సై గారు ఈసారి "పోయిరామ్మా" అనడు. వాజిద్ నా ముఖం చూశాడు, నేను పెట్టె ముఖం చూశాను. నేరుగా అక్కడి పోలీస్ స్టేషనుకే పోయి, తుపాకి మీ దగ్గర డిపాజిట్ చేసుకోండి అన్నాను. అక్కడాయన "అమ్మేటందుకొచ్చి అమ్మకుండ పోతున్నవా?" అని రెండుసార్లు అడిగి, నవ్వుతూనే రశీదు రాసిచ్చాడు. వట్టి చేతులతో తిరిగి వచ్చాం. ప్రవీణ్ కుమార్ గారు ముందుగా ఇచ్చిన బయానా డబ్బు మర్నాడే పంపించేశాను.

మీరు పెట్టిన పరీక్ష తప్పాను. ఒప్పుకుంటున్నాను. కానీ ఇన్నాళ్ళూ లోపల దాచుకున్న మాట ఒకటి ఈ పూట రాసేస్తాను. చెవులు పూర్తిగా పోయాక మీరు కొట్టు చూసుకోమని ముందు అడిగింది వాజిద్‌ని. స్పానరు తప్ప తుపాకి పట్టని వాజిద్‌ని. ఏడో తరగతి నుంచి మీ పక్కన కూర్చుని గొట్టాలు తుడిచింది నేను, స్ప్రింగులకి ఆకురాయి పట్టింది నేను. వాజిద్ "నాకెందుకు మామా, ఆసియా ఉందిగా" అంటే, మీరు వినపడనట్టు ఊరుకున్నారు. ఆ ఒక్క మాట మీకు వినపడే ఉంటుందని నా నమ్మకం. ఆ రోజు నేను కొట్టు వెనకాల నిలబడి ఏడ్చాను. ఆ సంగతి మీకు తెలియదు. ఇప్పుడు తెలియాలి.

కోపం వస్తే రండి, వచ్చి ఎదురుగా తిట్టండి. ఉత్తరం మాత్రం చింపకండి.

మీ ఆసియా.


కర్నూలు,
సెప్టెంబరు.

ఆసియాకి,

నీ ఉత్తరం చదివాను. రెండుసార్లు చదివాను. చింపలేదు.

ఇవ్వకపోవడం మంచి పని. అడగకుండా అక్కడిదాకా పోవడం తప్పు పని. రెండూ నువ్వే చేశావు, ఏం చెప్పను?

వాజిద్ విషయం. వినపడింది. ఆడపిల్లవని కాదు. ఆ పనిలో చెయ్యి తిరిగినదానివి నువ్వే, నాకు తెలుసు. కానీ మా మామ ఆ కొట్టు నాకు అప్పజెప్పేటప్పుడు ఒకటే చెప్పాడు. ఇనుము సంగతి ఎవరైనా నేర్చుకుంటారు, ఈ పల్నాటి సీమలో ఎవరికీ కానివాడిలా బతకడం నేర్చుకో అన్నాడు. నేను ఎవరి పెళ్ళికి పోయినా అవతలి వాళ్ళ పెళ్ళికి కూడా పోయాను. ఒకరింట్లో మంచినీళ్ళు తాగితే రెండో ఇంట్లో కూడా తాగాను. ఎవరూ నన్ను తమవాడు అనలేదు, ఎవరూ అవతలివాడు అనలేదు. నువ్వు మనసులో ఉన్నది ముఖం మీద అనేస్తావు. నిన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టాలంటే భయపడ్డాను. వాజిద్ మెత్తని మనిషి, వాడైతే నెట్టుకొస్తాడనుకున్నాను.

ఇప్పుడు నా భయమే నిజమైంది. సాంబశివరావు గారి కూతురింట్లో భోజనం చేసి, వాళ్ళ అల్లుడి ముఖం మీదే ఇవ్వనన్నావు. నువ్వు లక్ష్మి గారి మనిషివని ఆ ఇంట్లో ఈపాటికి అనేసుకుని ఉంటారు. ఒక పక్షం అయ్యాక తుపాకుల కొట్టు ఎలా నడుస్తుంది? ఈసారి ఎన్నికలకి వాళ్ళు తమ తుపాకి నీ చేతికి ఎందుకిస్తారు? నేను రెన్యూవల్‌కి పెట్టను. ఏడాది చివర కొట్టు మూసేద్దాం. నువ్వు బాధపడతావు, తెలుసు. నేనూ పడుతున్నాను.

ఆ తుపాకి మాత్రం స్టేషనులో వదిలేయకు. నూనె పెట్టకపోతే గొట్టాలు తుప్పు పడతాయి.

మీ అబ్బా,
మహమూద్.


నరసరావుపేట,
ఫిబ్రవరి.

అబ్బాజాన్‌కి మీ ఆసియా సలాములు!

ఈ ఉత్తరం కూర్చుని చదవండి. మోకాలు కొత్తది, సంతోషంలో ఎగరకండి.

మీ ఉత్తరానికి నేను జవాబు రాయలేదు. ఆపా ఫోనులో "అబ్బాజాన్ రోజూ పోస్టుమాన్ కోసం చూస్తున్నారే" అంది. చూడనీ అనుకున్నాను. కోపం కాదు, పట్టుదల. మీరు లైసెన్సు రెన్యూవల్ చెయ్యనన్నారు కదా. సరే, అది మీ లైసెన్సు, మీ ఇష్టం. నేను నా పేరు మీద కొత్త లైసెన్సుకి దరఖాస్తు పెట్టాను. మీ సంతకం అడగలేదు, మీ సిఫారసు అడగలేదు. మీకు చెప్పనూ లేదు. వాజిద్‌కి, ప్రసన్న గారికి తప్ప ఎవరికీ తెలియదు. రానీ రాకపోనీ, అడగకుండా ఊరుకోవడం మాత్రం నా వల్ల కాదనిపించింది.

అది ఏమైందో చివర చెబుతాను. ముందు తుపాకి కథ.

అప్పటికి మీ లైసెన్సుకి ఇంకా గడువుంది కాబట్టి మస్తాన్‌రావు గారి తుపాకికి ఇంకో మనిషిని వెతికాను. ఈసారి దూరంగా, ఎంత దూరమైతే అంత మంచిదని. నాలుగైదు ఫోన్లు వచ్చాయి. కర్ణాటకలో సింధనూరు నుంచి ఒకాయన, కాగితాలన్నీ బంగారం. "మీ అత్తగారిదేవూరండీ?" అన్నాను. "దాచేపల్లమ్మా" అన్నాడు. మళ్ళీ పల్నాడే! ఫోను పెట్టేశాను. రాయచూరు ఆయనకి చెల్లెల్ని సత్తెనపల్లిలో ఇచ్చారట. మనవాళ్ళు పిల్లల్ని ఇవ్వని ఊరు ఈ భూమ్మీద ఉందా అనిపించింది. వాజిద్ అయితే "ఇంక చంద్రమండలానికి అమ్మాల్సిందే" అన్నాడు.

అప్పుడు దొరికింది నాగవేణి గారు. చిక్కమగళూరు కొండల్లో కాఫీ తోట. అరవై దాటిన మనిషి, ఒంటరిగా తోట చూసుకుంటుంది. వాళ్ళ జిల్లా లైసెన్సు ఉంది, పాత తుపాకి పాడైపోయింది. కన్నడం కలిసిన తెలుగు మాట్లాడుతుంది. నేను ఏమీ దాచలేదు. మొత్తం అడిగాను: అత్తగారిది ఎక్కడ, పుట్టిల్లు ఎక్కడ, కోడళ్ళు ఎక్కడివాళ్ళు. ఆవిడ విసుక్కోకుండా అన్నీ చెప్పి, ఆఖరికి "ఇదెల్లా యాకమ్మా? తుపాకి కొనేదానికి ఇదెల్లా అడుగుతారా?" అంది. "మాది పల్నాడండీ, ఇక్కడ అంతే" అన్నాను. "పల్నాడా? అదెక్కడుంది?" అంది.

అబ్బాజాన్, ఆ మాట వినగానే నాకు గంతులేయాలనిపించింది! పల్నాడు ఎక్కడుందో తెలియని మనిషి! ఇంతకన్నా పెద్ద యోగ్యతా పత్రం ఇంకేం కావాలి? లక్ష్మి గారికి ఫోను చేసి చెబితే ఆవిడ కూడా పడీపడీ నవ్వారు. ఆవిడ నవ్వు నేను వినడం అదే మొదటిసారి.

మళ్ళీ మొదటి నుంచి అన్నీ. కలెక్టరాఫీసు, గడువు, వాళ్ళ జిల్లాకి ఉత్తరం, రవాణా అనుమతి. తుపాకి ఉన్నది తెలంగాణలో, అమ్మే మనిషి ఉన్నది ఆంధ్రాలో, కొనే మనిషి కర్ణాటకలో. ప్రసన్న గారు తల పట్టుకుంది. "ఒక్క తుపాకికి మూడు రాష్ట్రాలా తల్లీ!" అంటూనే మా సెక్షనులో ఇలాంటి ఫైలు ఎవరూ చూడలేదని అందరికీ గొప్పగా చూపించింది. ఈసారి అనుమతిలో ఒక వాక్యం అడిగి రాయించుకున్నాను. ఏ కారణం చేతనైనా అమ్మకం జరగకపోతే అదే దారిలో వెనక్కి తేవచ్చని. నేర్చుకున్నాను, చూశారా.

మిర్యాలగూడ స్టేషనులో పెట్టె విప్పి, మీరు రాసినట్టే గొట్టాలకి నూనె పట్టాను. నిజానికి నెలకోసారి వెళ్ళి వాళ్ళ ఎదుటే నూనె రాస్తూనే ఉన్నాను. ఎక్కడా మరక లేదు. డిసెంబరులో, మీ గడువు తీరకముందే, వాజిద్ నడుపుతుంటే కొండలెక్కాం. దారిలో కర్ణాటక పోలీసులు ఆపి, కాగితాలు చూసి, పెట్టె సీలు చూసి, టీ తాగి వెళ్ళమన్నారు. ఘాట్ రోడ్డు మలుపుల్లో నాకు వాంతులు, వాజిద్‌కి నవ్వులు. చలికి పళ్ళు కొట్టుకుంటున్నాయి. నాగవేణి గారు గేటు దాకా ఎదురొచ్చింది. తుపాకి భుజానికి ఆన్చి తూకం చూసి, "ఎవరిది ఇది?" అని అడిగింది. "ఒక రైతుదండీ, బాగా చూసుకున్నాడు" అన్నాను. అంతే చెప్పాను. అంతకన్నా ఆవిడకి అక్కరలేదు. లైసెన్సులో నంబరు ఎక్కించి సంతకం పెట్టాను. ఈసారి సంతకం అయ్యాకే పెన్ను మూత పెట్టాను.

తిరిగొచ్చాక రొంపిచెర్ల వెళ్ళి లక్ష్మి గారికి రశీదు ఇచ్చాను. గోపీచంద్ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. "ఎక్కడికిపోయింది మా నాయన తుపాకి?" అన్నాడు. చెప్పాను. "అక్కడేం కాల్చుద్ది ముసలామె?" అన్నాడు. "కోతుల్ని బెదిరిస్తుందట" అన్నాను. "పోనీలే" అని లేచి లోపలికి వెళ్ళి నాకు మజ్జిగ పంపించాడు. లక్ష్మి గారు నా చెయ్యి వదల్లేదు.

మీరు పెట్టిన పరీక్ష పాసయ్యాను. కానీ మీ రెండో మాట ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. సాంబశివరావు గారి దృష్టిలో నేను అవతలి మనిషినయ్యానని, ఒక పక్షమైనదాని కొట్టు నడవదని. అది నిజమైతే ఎన్ని పరీక్షలు పాసై ఏం లాభం? పగలంతా నవ్వుతూ తిరుగుతున్నానే కానీ లోపల అదే.

కొత్త లైసెన్సు కదా, విచారణకి కానిస్టేబులు ఏసుబాబు గారు వచ్చారు. కొట్టు చూశారు, బీరువా తాళాలు చూశారు, చుట్టుపక్కల అడిగారు. ఇన్నాళ్ళూ మన దగ్గర తుపాకులు పెట్టుకున్నవాళ్ళని కూడా విచారించాలన్నారు, ఎవరెవరని అడిగారు. నేను సాంబశివరావు గారి పేరు చెప్పకుండా ఉండొచ్చు. చెప్పాను. దాచిపెట్టి తెచ్చుకున్న లైసెన్సు నాకెందుకు? ఏసుబాబు గారు రొంపిచెర్ల బండి ఎక్కిన దగ్గరినుంచి నాకు అన్నం సయించలేదు. నాకు లైసెన్సు రాకుండా చెయ్యడానికి పెద్దాయన ఒక్క మాట అంటే చాలు. అనే హక్కు కూడా ఉందనిపించింది, కూతురు ఏడ్చింది కదా నా వల్ల.

నిన్న ఏసుబాబు గారు తిరిగొచ్చారు. బండి స్టాండు కూడా వెయ్యకుండా నవ్వుతున్నారు. "అమ్మాయ్, రిపోర్టు పైకి పంపించేశాను. అందరూ మంచిదనే అన్నారు. వచ్చేస్తదిలే" అన్నారు. నేను ఆగలేక అడిగేశాను, సాంబశివరావు గారు ఏమన్నారని. ఏసుబాబు గారు చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

సాంబశివరావు గారు మంచం మీద కూర్చుని తువ్వాలుతో ముఖం తుడుచుకుని, తనలో తనే కాసేపు గొణుక్కున్నాడట. తరవాత కిటికీలోంచి వీధిలోకి చూస్తూ అన్నాడట: "రాసుకో. మా అల్లుడి దగ్గర అన్ని కాగితాలూ ఉన్నా వాళ్ళ తుపాకి మాకియ్యనన్న పిల్ల అది. రేపు మా తుపాకి గూడా వాళ్ళకియ్యదు. ఇంకేం గావాలయ్యా మీకు?"

తొందరగా రండి అబ్బాజాన్. టీ తాగుతూ జనాన్ని అత్తగారి ఊళ్ళు అడగడానికి నాకు ఒక మనిషి కావాలి.

తుపాకులమ్మాయి,
మీ ఆసియా.